ఫైలు ఇంటికెళ్లిపోతే జబ్బు ఎలా తెలుస్తుంది?

1961 జనవరిలో టోక్యోలోని రెడ్‌క్రాస్ ఆసుపత్రికి నాలుగేళ్ల పిల్లాణ్ని తీసుకొచ్చారు. విడవని జ్వరం, ఎర్రబడ్డ కళ్లు, పగిలిన పెదవులు, ఒంటినిండా దద్దుర్లు. డాక్టర్ తొమిసాకు కవాసాకికి అది ఏ జబ్బో అంతుపట్టలేదు. పిల్లాడు కోలుకుని ఇంటికి వెళ్లాడు. జబ్బేమిటో తెలియలేదని కాగితం మీద రాసి, ఆ కాగితాన్ని దాచారు కవాసాకి. మరుసటి ఏడాది అవే లక్షణాలతో ఇంకో బిడ్డ వచ్చింది. తర్వాత మరికొందరు. 1967లో యాభై మంది పిల్లల వివరాలు ఒకచోట చేర్చి ఆయన వ్యాసం ప్రచురించారు. ఆ జబ్బుకు ఆయన పేరే స్థిరపడింది.

ఆ తర్వాత జరిగిందే నన్ను కదిలించింది. మొదట్లో ఇది దానంతటదే తగ్గిపోయే జ్వరమనే అనుకున్నారు. 1970లో జపాన్ అంతటా ఆసుపత్రులకు ప్రశ్నపత్రాలు పంపి తొలి సర్వే చేపట్టారు. అది ముగిసేలోపే ఈ జబ్బు వచ్చాక గుండె ఆగి హఠాత్తుగా చనిపోయిన పది మంది పిల్లల పోస్టుమార్టం వివరాలు బయటపడ్డాయి. గుండెకు రక్తం అందించే ధమనులు వాచి, బుడగల్లా ఉబ్బి, వాటిలో రక్తం గడ్డకట్టింది. ఒక్కో ఆసుపత్రిలో ఒక్కో చావు అంతుచిక్కని దురదృష్టంగా మిగిలిపోయేది. పదీ పక్కపక్కన పెట్టి చూస్తేనే అది రక్తనాళాల జబ్బని స్పష్టమైంది.

జపాన్‌లో ఆ లెక్క అంతటితో ఆగలేదు. వంద పడకలు దాటిన, పిల్లల విభాగమున్న ఆసుపత్రులన్నిటినీ రెండేళ్లకోసారి అడుగుతూ వచ్చారు. 1979, 1982, 1986లలో జబ్బు ఉప్పెనలా పెరిగిందని దాన్నిబట్టే తెలిసింది. చికిత్స చేయకపోతే నలుగురిలో ఒకరికి ధమనులు దెబ్బతింటాయి. జ్వరం మొదలైన పది రోజుల్లోపు ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తే ఆ ముప్పు వందలో ఐదుగురి దాకా తగ్గుతుంది. కారణం మాత్రం నేటికీ దొరకలేదు.

మన దేశంలో చండీగఢ్ పీజీఐ ఆసుపత్రి వైద్యులు ఈ జబ్బు కేసులను ఇలాగే ఓపికగా రాసుకుంటూ వచ్చారు. అక్కడ పదిహేనేళ్లలోపు లక్షమంది పిల్లల్లో 1994లో 0.51గా ఉన్న కేసులు 2007కి 4.54కి చేరాయి. జబ్బు అంతగా పెరిగిందని నేననుకోను, దాన్ని గుర్తుపట్టే వైద్యులు పెరిగి ఉంటారు. అంటే అంతకుముందు ఎందరి జబ్బు తట్టు అనో మందు పడలేదనో చెప్పి పంపేసి ఉంటారో!

మన ఊళ్లలో పిల్లల జ్వరం మొదట ఆర్‌ఎంపీ దగ్గరికి, తర్వాత మండల కేంద్రానికి, చివరికి హైదరాబాద్‌కో విశాఖకో చేరుతుంది. ఎక్కడి కాగితం అక్కడిదే. డిశ్చార్జి రోజు అన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి తల్లి చేతికిస్తారు. ఇల్లు మారితే ఆ కవరు పోతుంది. అందులోని ఎకో (గుండె స్కాన్) రిపోర్టు కూడా పోతుంది. మోయామోయా, టకయాసు వంటి అరుదైన రక్తనాళాల జబ్బులున్న పిల్లల కాగితాల గతీ అదే.

ఈ వివరాలన్నీ ఒకే రిజిస్టరులో రాయాలంటే తల్లిదండ్రులకుండే భయం నాకు తెలుసు. ఆడపిల్ల గుండె జబ్బు సంగతి రిజిస్టరుకెక్కితే రేపు సంబంధాలు వస్తాయా అని వణికేవాళ్లున్నారు. ఆ భయాన్ని కొట్టిపారేయకూడదు. పేరు బయటికి రాకుండా నంబరుతోనే వివరాలు ఉంచాలి, అమ్మానాన్నల అనుమతి తీసుకోవాలి, అక్కర్లేదంటే తీసేయాలి. ఇవి చేయలేనివేం కావు. 2021 జాతీయ అరుదైన వ్యాధుల విధానం రిజిస్ట్రీ గురించి చెప్పింది, హైదరాబాద్‌లో డీఎన్‌ఏ పరిశోధన సంస్థ సీడీఎఫ్‌డీ, నిమ్స్ ఆసుపత్రి కలిసి ఆ విధానం కింద ఒక కేంద్రంగా పనిచేస్తున్నాయి. ఆ విధానం జాబితాలో ఉన్నా లేకపోయినా సరే, పిల్లల రక్తనాళాల జబ్బులన్నిటికీ రెండు తెలుగు రాష్ట్రాలు కలిసి ఒక రిజిస్టరు పెట్టాలి. దాన్ని నింపే పనికి జీతమిచ్చి మనిషిని నియమించాలి. నైట్ డ్యూటీ చేసి వచ్చిన పీజీ విద్యార్థి మీద వేస్తే అది నెలలోపే ఆగిపోతుంది.

అంతవరకూ తల్లిదండ్రులకు నా విన్నపం ఇది. బిడ్డకు ఐదు రోజులుగా జ్వరం విడవకుండా, పుసి లేకుండానే కళ్లు ఎర్రబడి, పెదవులు పగిలి, కాళ్లూ చేతులూ వాస్తే, ఇది కవాసాకి జబ్బు అయి ఉంటుందా అని డాక్టరును అడగండి. ఎకో తీసి ఉంటే ఆ రిపోర్టు పారేయకండి. ముప్పై ఏళ్ల తర్వాత ఆ బిడ్డకు ఛాతీ నొప్పి వస్తే, చూసే డాక్టరుకు మొట్టమొదట కావలసింది ఆ కాగితమే.