ముందు వాగు, తర్వాతే కలప

అమెరికా వ్యవసాయ శాఖ మంత్రిగారికి,

అలాస్కాలోని టోంగాస్ అడవిలో కొత్త రోడ్లకు, నరుకుడుకు అడ్డుగా ఉన్న 2001 నాటి నిబంధనను ఎత్తేస్తామని 2025లో మీ శాఖ ప్రకటించింది. మేం ఒప్పుకోం.

సాల్మన్ చేపలు గుడ్లు పెట్టేది వాగు అడుగున, గులకరాళ్ల సందుల్లో. రోడ్డు కోతల మట్టి ఆ సందుల్ని పూడ్చేస్తే గుడ్లకు ఊపిరాడదు. గట్టున చెట్ల నీడ పోతే నీళ్లు వేడెక్కుతాయి. సాల్మన్ వాగులకు ఇరువైపులా కనీసం 100 అడుగుల దాకా గొడ్డలి పడకూడదన్నది 1990 చట్టం. ఎగువన ఉన్న పిల్లవాగుల్లో కొన్నిటికి ఆ రక్షణ లేదు.

నిబంధనను ఉంచండి. పిల్లవాగుల గట్లనూ కాపాడండి. రోడ్ల కింద చేపల దారికి అడ్డుపడే పాత తూములు మార్చండి. నరికిన అడవి మళ్లీ ఎదగాలంటే తరాలు పడతాయి. వాగు బాగుంటే చేప ఏటా వస్తుంది.

ఇట్లు,
ఆగ్నేయ అలాస్కా వాగుల ఒడ్డు ప్రజలు