మా మాట దోషమని తీర్పు చెప్పిందెవరు?

మన పాట వినగానే పండితులు అనే మాటొకటుంది: 'గ్రామ్యం'. ఊరి మాట అని మెచ్చుకోవడం కాదది. అలంకారశాస్త్రంలో గ్రామ్యం ఒక కావ్యదోషం. అంటే మనం నోరు తెరవకముందే తీర్పయిపోయింది! తర్వాత గిడుగు రామమూర్తి గ్రాంథికాన్ని ఎదిరించారు, మంచిదే. కాని గెలిచిందేది? 'శిష్ట' వ్యావహారికం. చదువుకున్న శిష్టుల మాటే వాడుకభాష అయింది. మాలపల్లె మాట, మాదిగగూడెం మాట మళ్ళీ ఊరి బయటే ఉండిపోయాయి.

అన్నలారా, అక్కలారా! అలంకారాలు బ్రహ్మవిద్యేం కాదు. 'ఎండిన చెరువులాగా నా కడుపు ఖాళీగా ఉందయ్యా' అంటుంది మన ముసలమ్మ. కడుపు ఉపమేయం, చెరువు ఉపమానం, ఖాళీగా ఉండడం సమానధర్మం, 'లాగా' ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కాబట్టి అది పూర్ణోపమ. 'మా కామందు ఎంత దయగలోడో! కూలి ఎగ్గొట్టినా దోసిట్లో నీళ్ళు పోశాడు' అంటాడు పాలేరు. పొగిడినట్టే పొగిడి తిట్టడం. దాని పేరు వ్యాజస్తుతి. బడి మొహం చూడనోళ్ళు కూడా రోజూ ఇవి మాట్లాడుతున్నారు. మనకి దక్కనియ్యంది అలంకారాలు కాదు, వాటి పేర్లు.

పేర్లు తెలియకపోతే ఏం పోయింది అంటారా? చాలా పోయింది. ఆరిన దీపాన్ని 'కొండెక్కింది' అంటాం. చేదు నిజాన్ని మెత్తని మాటతో కప్పడం, సభ్యోక్తి. దీపానికైతే పర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని చంపారు. అలాంటిదాన్ని 'ఘర్షణ' అని రాస్తే? చంపినోడూ చచ్చినోడూ సమానమైపోతారు. 'మృతి చెందారు' అంటే చంపినోడు వాక్యంలోంచే పారిపోతాడు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. మరి ఆ ఎనిమిదిమందినీ ఎవరూ చంపలేదా? కనీసం మన వాక్యంలోనైనా 'చంపారు' అన్న మాట నిలబడాలి.

శాస్త్రం వద్దని మేం అనడంలేదు. సందేశకావ్యం పండితుల సొత్తనుకున్నారు. కాళిదాసు మేఘాన్ని పంపితే, జాషువా 1941లో గబ్బిలాన్ని పంపాడు. వాళ్ళ పనిముట్టే పట్టుకుని మన ఆకలి చెప్పాడు.

అందుకే సంఘం మీటింగుల్లో, రాత్రిబడుల్లో పేపరు ముందేసుకుని అడగండి: ఎవరు చేశారు? ఎవరికి చేశారు? మెత్తబరిచిన మాట ఏది? 'మీ పాటలో గ్రామ్యం ఉంది' అన్నోడికి చెప్పండి: అవును, అందులో ఊరుంది. ఊరి బయట మేమూ ఉన్నాం.

జై భీం!