20 మందికి ఒక సలహాదారు ఎక్కడ?

బీటెక్ విద్యార్థికి సబ్జెక్టులు ఎంచుకునే స్వేచ్ఛ ఇచ్చామని మన విశ్వవిద్యాలయాలు ఏళ్లుగా చెబుతున్నాయి. ఆ స్వేచ్ఛను సరిగ్గా వాడుకునేలా దారి చూపే బాధ్యతను మాత్రం గాలికి వదిలేశాయి. నిబంధన లేక కాదు, ఉన్న నిబంధనను పట్టించుకోక. 2018-19లో చేరిన విద్యార్థుల నుంచి జేఎన్‌టీయూ హైదరాబాద్ అమలు చేసిన ఆర్18 నియమావళి తెరిచి చూడండి. కోర్సు రిజిస్ట్రేషన్ భాగం మొదలయ్యేదే ఈ మాటతో: 20 మంది విద్యార్థులకు ఒక ఫ్యాకల్టీ అడ్వైజర్‌ను లేదా కౌన్సెలర్‌ను కేటాయించాలి. విద్యార్థి సామర్థ్యం, ఇప్పటిదాకా చదివిన తీరు, ముందుగా చదివి ఉండాల్సిన సబ్జెక్టులు, ఆసక్తి ఇవన్నీ చూసి ఏ సబ్జెక్టు తీసుకోవాలో ఆ అధ్యాపకుడు సలహా ఇవ్వాలి. ఆయన రాతపూర్వకంగా ఆమోదించాకే విద్యార్థి ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేసుకోవాలి. ఆ ఆమోదపత్రం ప్రతులు హెచ్‌ఓడీ దగ్గర, అడ్వైజర్ దగ్గర, విద్యార్థి దగ్గర ఉండాలి. ఇంత వివరంగా రాసుకున్న నియమం అనుబంధ కాలేజీల్లో చాలాచోట్ల కాగితం దాటి బయటికి రాలేదు. ఎలక్టివ్‌ల మీద, క్రెడిట్ల మీద, జాతీయ విద్యా విధానం మీద ఇన్ని వ్యాసాలు వస్తున్నా ఈ 20 అనే సంఖ్యను ఎవరూ ప్రస్తావించకపోవడం చూస్తే చిరాకు కలుగుతోంది.

ఆచరణలో జరిగేదేమిటో కాలేజీ గడప తొక్కిన ప్రతి ఒక్కరికీ తెలుసు. సెమిస్టర్ ముగిసే ముందు క్లాసు వాట్సాప్ గ్రూపులో ఒక ఫామ్ లింకు వస్తుంది. రేపు సాయంత్రంలోగా నింపాలని కింద ఒక గమనిక ఉంటుంది. ఫామ్‌లో డేటా అనలిటిక్స్, ఇమేజ్ ప్రాసెసింగ్, ఇన్ఫర్మేషన్ థియరీ అంటూ పేర్లు తప్ప మరేమీ ఉండదు. ఇమేజ్ ప్రాసెసింగ్ తీసుకోవాలంటే మొదటి ఏడాది గణితం గట్టిగా వచ్చి ఉండాలని, ఆ గణితమే బ్యాక్‌లాగ్‌గా మిగిలినవాడు ఆ పేరు మీద టిక్కు పెడుతున్నాడని చూసేవారు ఉండరు. విద్యార్థి సీనియర్‌ను అడుగుతాడు. సీనియర్‌కు తెలిసింది ఏది సులువుగా పాసవుతుందో, దేనికి గైడు దొరుకుతుందో, ఎవరు ఇంటర్నల్ మార్కులు బాగా వేస్తారో అంతే. కొన్ని కాలేజీల్లో ఆ ఫామ్ కూడా ఉండదు. ఈసారి అందరికీ ఫలానా ఎలక్టివ్ అని క్లాసులో ప్రకటించేస్తారు. మార్కుల మెమోలో మాత్రం అది విద్యార్థి కోరుకుని చదివిన సబ్జెక్టుగానే నమోదవుతుంది.

ఇదే నియమావళిలో విద్యార్థి పొరపాటు చేస్తే ఏమవుతుందో కూడా రాసి ఉంది. ఆన్‌లైన్‌లో ఒకే విభాగం కింద రెండు సబ్జెక్టులు నొక్కినా, అస్పష్టంగా నింపినా మొదట ఉన్నదాన్నే లెక్కలోకి తీసుకుంటారు. ఒకసారి నమోదైన ఎంపికే తుది ఎంపిక, మార్చుకోవడం కుదరదు. సబ్జెక్టు వదులుకోవాలంటే సెమిస్టర్ మొదలైన 15 రోజుల్లోగా, అదీ అడ్వైజర్ ముందస్తు అనుమతితో వదులుకోవాలి. ఇంత కఠినంగా ఎందుకు రాశారో కొంచెం ఆలోచిస్తే అర్థమవుతుంది. రిజిస్ట్రేషన్‌కు ముందే ఒక అధ్యాపకుడు కూర్చోబెట్టి మాట్లాడి, సంతకం పెట్టి ఉంటారన్న నమ్మకంతోనే ఆ తర్వాత మార్పులకు తావివ్వలేదు. సలహాను తీసేసి శిక్షను మాత్రం ఉంచితే ఆ నియమావళికి న్యాయం ఎక్కడ మిగులుతుంది? ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) వెబ్ ఆప్షన్లను ఫ్రీజ్ అయ్యేదాకా ఎన్నిసార్లైనా మార్చుకోనిస్తాం, హెల్ప్‌లైన్ కేంద్రాలు నడుపుతాం. సీటు వచ్చాక నాలుగేళ్ల చదువులో చేసే ఎంపికలకు మాత్రం మనిషి తోడు అక్కర్లేదనుకున్నాం.

నియమావళిలో 20 అనే సంఖ్య ఇంకోచోట కూడా వస్తుంది. ఒక ఎలక్టివ్‌ను బోధించాలంటే కనీసం 20 మంది దాన్ని కోరుకోవాలి, అంటే 60 మంది సెక్షన్‌లో మూడో వంతు. ఈ నియమాన్ని కాలేజీలు తు.చ. తప్పకుండా పాటిస్తాయి. పద్దెనిమిది మంది అడిగితే కుదరదంటాయి, ఆ పద్దెనిమిది మందినీ వేరే సబ్జెక్టులో సర్దేస్తాయి. ఒకే పుస్తకంలో, పక్కపక్క పేజీల్లో ఉన్న రెండు నియమాలివి. కాలేజీకి ఖర్చు తగ్గించే 20 అమలవుతోంది, విద్యార్థికి మేలు చేసే 20 అమలు కావడం లేదు. దీన్ని వనరుల కొరత అనడానికి నా మనసు ఒప్పుకోదు. ఎవరి ప్రయోజనం ముందన్నది ఇక్కడే తేలిపోయింది.

యాజమాన్యాలు మొదట చెప్పే అభ్యంతరం అధ్యాపకుల కొరత. పాఠాలు చెప్పేవారే చాలడం లేదు, సలహాలు ఇచ్చేవారిని ఎక్కడి నుంచి తెస్తామంటాయి. మూడోసారి అదే సంఖ్య చూడండి. సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ నిబంధనల ప్రకారం ఇంజనీరింగ్ కోర్సుల్లో 20 మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలి. అంతకుముందు 15 మందికి ఒకరు ఉండాలన్నది ప్రమాణం, 2018లో దాన్ని 20కి సడలించారు. అంటే అనుమతి పొందిన ప్రతి కాలేజీలోనూ ఒక్కో అధ్యాపకుడి వంతుకు 20 మందికి మించి రాకూడదు. కొత్తగా ఎవరినీ నియమించాల్సిన అవసరం లేదు. ఒక్కో విద్యార్థితో సెమిస్టర్‌కు అరగంట మాట్లాడితే మొత్తం పది గంటలు. ముందు సెమిస్టర్ పరీక్షలు మొదలయ్యేలోగా రిజిస్ట్రేషన్ పూర్తికావాలని నియమావళే గడువు పెట్టింది కాబట్టి ఆ పది గంటలను ఎప్పుడు కేటాయించాలో కూడా స్పష్టమే. ఈ మాత్రం కూడా కుదరదనే కాలేజీ ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. అనుమతి కోసం చూపించిన ఆ అధ్యాపకులు ఇప్పుడెక్కడున్నారు?

పద్దెనిమిదేళ్లు నిండినవారికి సలహాలెందుకు, వాళ్లే తేల్చుకుంటారనే వాదన ఇంకొకటి. సమాచారం చేతికిచ్చి తేల్చుకోమంటే అది స్వేచ్ఛే. సబ్జెక్టు పేరు మాత్రం ఇచ్చి తేల్చుకోమంటే పూర్తిగా నష్టపోయేది ఇంట్లో మొదటిసారి కాలేజీ చదువుకు వచ్చిన పిల్లలు. ఇంజనీరు తండ్రి ఉన్న అమ్మాయికి అడ్వైజర్ లేకపోయినా గడుస్తుంది, ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే కూలీ కొడుక్కి గడవదు. ఉద్యోగం కోడింగ్‌తో వస్తుంది తప్ప ఎలక్టివ్‌తో కాదనేవారి మాటలో కొంత నిజముంది. కానీ బ్యాక్‌లాగులు పేరుకుని, పైతరగతికి వెళ్లడానికి కావలసిన క్రెడిట్లు చాలక డిటైన్ అయినవారికి ఆ కోడింగ్ ఉద్యోగమైనా ఎలా వస్తుంది?

సలహాదారు వల్ల నిజంగా ఫలితం ఉంటుందా అన్నవారికి గట్టి ఆధారమే ఉంది. న్యూయార్క్ నగర విశ్వవిద్యాలయం 2007లో తన కమ్యూనిటీ కాలేజీల్లో ఏసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అక్కడ మామూలుగా ఒక సలహాదారు కింద 600 నుంచి 1,500 మంది దాకా విద్యార్థులుంటే, ఏసాప్‌లో 60 నుంచి 80 మందే ఉండేవారు. విద్యార్థులను లాటరీ పద్ధతిలో రెండుగా విడదీసి ఎండీఆర్‌సీ అనే పరిశోధన సంస్థ అధ్యయనం చేసింది. మూడేళ్లలో డిగ్రీ పూర్తిచేసినవారు మామూలు పద్ధతిలో 22 శాతం, ఏసాప్‌లో 40 శాతం. ఒహాయోలో మూడు కాలేజీలు ఇదే నమూనాను అనుసరిస్తే 19 శాతం కాస్తా 35 అయింది. ఏసాప్‌లో ఉచిత ప్రయాణ పాసులు, పుస్తకాల సాయం, ఫీజు రాయితీ కూడా ఉన్నాయి కాబట్టి ఘనతంతా సలహాదారుడిదే అనడం సరికాదు. అయినా ఆ మొత్తం ప్యాకేజీకి ఇరుసుగా నిలిచింది విద్యార్థిని పేరుపెట్టి పిలవగలిగే సలహాదారే. వాళ్లు 60 నుంచి 80 మందికి ఒకరిని పెట్టి సాధించారు, మనం 20 మందికి ఒకరని రాసుకుని కూడా ఊరుకున్నాం.

డిగ్రీ కాలేజీల్లో పరిస్థితి ఇంకా ఆందోళన కలిగిస్తోంది. 2022 డిసెంబరులో యూజీసీ తెచ్చిన పాఠ్యప్రణాళిక చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కావలసిన 120 క్రెడిట్లలో మేజర్‌కు 60, మైనర్‌కు 24, బహుళ విభాగ కోర్సులకు 9, నైపుణ్య కోర్సులకు 9, ఇంకా భాషా సామర్థ్యం, విలువలు, ఇంటర్న్‌షిప్ ఉన్నాయి. మొదటి ఏడాది తర్వాత చదువు ఆపేసే విద్యార్థికి 40 క్రెడిట్లు వస్తే సరిపోదు. వేసవిలో 4 క్రెడిట్ల వృత్తివిద్యా కోర్సు పూర్తిచేస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు. నాలుగో ఏడాది పరిశోధనతో ఆనర్స్ చేయాలంటే మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులుండాలి. ఈ సంగతులు విద్యార్థికి ఎవరు, ఏ గదిలో కూర్చోబెట్టి చెబుతున్నారు? 2023-24లో ఆంధ్రప్రదేశ్ మూడు సబ్జెక్టుల కాంబినేషన్ల స్థానంలో సింగిల్ మేజర్ తెచ్చినప్పుడు ఏ శాఖ మూతపడుతుంది, ఎవరికి పని పోతుంది అనే చర్చే ఎక్కువ జరిగింది. ఇంటర్ దాటి వచ్చిన పిల్లలకు మేజర్ ఎంపికలో ఎవరు దిక్కో అడిగినవారు అరుదు.

మెంటార్ పుస్తకాలు ఉన్నాయి కదా అంటారు. అవును, ఉన్నాయి. కాలేజీలకు గ్రేడ్లిచ్చే న్యాక్ బృందం మెంటార్‌కు ఎందరు విద్యార్థులని అడుగుతుంది కాబట్టి ఉన్నాయి. తండ్రి పేరు, ఫోన్ నంబరు, హాజరు శాతం, మిగిలిన సప్లీలు, చివర సంతకం. ఏ ఎలక్టివ్‌ను ఏ కారణంతో ఎంచుకున్నారో రాసే గడిని అందులో వెతుక్కోవాల్సిందే. బృందం వచ్చే వారం ముందు కూర్చుని సంతకాలు నింపే పుస్తకాన్ని సలహా వ్యవస్థ అనడం విద్యార్థులను, వాళ్ల ఫీజులు కడుతున్న ప్రభుత్వాన్ని మోసం చేయడమే. ఆ మోసాన్ని చూసీ చూడనట్టు వదిలేస్తున్న విశ్వవిద్యాలయానికీ అందులో వాటా ఉంది.

విశ్వవిద్యాలయం చేయాల్సింది కొత్త కమిటీ వేయడం కాదు, తను రాసిన నియమాన్ని తను పాటింపజేయడం. అడ్వైజర్ సంతకం లేని రిజిస్ట్రేషన్‌ను వచ్చే సెమిస్టర్ నుంచి తిరస్కరించాలి. అనుబంధ గుర్తింపు తనిఖీకి వెళ్లిన బృందం ప్రయోగశాలలు, గదుల కొలతలతో ఆగకుండా ప్రతి విభాగంలో 20 మంది చొప్పున అడ్వైజర్ల జాబితా అడగాలి, అందులోంచి నలుగురు విద్యార్థులను పిలిచి మీ అడ్వైజర్ ఎవరని ప్రశ్నించాలి. విద్యార్థి పేరు చెప్పలేకపోతే ఆ జాబితా అబద్ధం. అబద్ధపు జాబితా చూపిన కాలేజీకి ఆ ఏడాది అనుబంధ గుర్తింపు ఇవ్వకూడదు.