ఉచిత వేగమనే అబద్ధం

ఈ టపా కొందరికి కోపం తెప్పించవచ్చు. తెప్పించినా సరే, చెప్పక తప్పదు. ఇంటి కంప్యూటరులోని ప్రాసెసరును దాని నియమిత వేగానికి మించి పరుగెత్తించే ఓవర్‌క్లాకింగును "పైసా ఖర్చు లేని వేగం" అని కొత్తవారికి బోధించే పెద్దలతో నాకు తగవుంది. ఆ విద్యతో విరోధం లేదు. ఆ మాటతోనే విరోధం.

వారు చూపే దృష్టాంతాలు నిజమైనవే. 1998 నాటి సెలెరాన్ 300ఎ లో బస్సు వేగాన్ని 66 నుండి 100 మెగాహెర్ట్జులకు మార్చితే, 300 కాస్తా 450 అయ్యేది. 2003 నాటి ఆథ్లాన్ ఎక్స్‌పీ 2500+ లో గుణకం 11. బస్సును 166 నుండి 200 చేస్తే 1,833 మెగాహెర్ట్జులు 2,200 అయి, ఎంతో ఖరీదైన 3200+ సరసన నిలిచేది. ఈ లెక్కలు చెప్పిన నోళ్ళు మిగిలిన లెక్కలు చెప్పవేం?

చిప్పు వాడే విద్యుత్తు వేగాన్ని బట్టి పెరుగుతుంది, వోల్టేజి వర్గాన్ని బట్టి కూడా పెరుగుతుంది. వేగం 20 శాతం, వోల్టేజి 10 శాతం పెంచితే వేడి సుమారు 45 శాతం పెరుగుతుంది. ఏ ఫ్యానూ చిప్పును గదిలోని గాలికంటె చల్లబరచలేదు. 20 డిగ్రీల చలిగదిలో కూర్చుని ఎవరో వ్రాసిన పట్టికను, మే నెలలో 40 డిగ్రీలు దాటే అనంతపురంలో, రేకుల కప్పు క్రింద మక్కికి మక్కి దించుకుంటే, అక్కడ 60 డిగ్రీల దగ్గర నిలిచిన చిప్పు ఇక్కడ 80కి చేరుతుంది. ఈ మాట ఆ పట్టికలో లేదు. పైగా ఒకే పేరున్న రెండు చిప్పులు ఒకటిగా ప్రవర్తించవు. తయారీదారు విడిచిన ఆ కాస్త వెసులుబాటు మనకిచ్చిన కానుక కాదు. వేసవికీ, వార్ధక్యానికీ, ఒడుదొడుకుల కరెంటుకూ దాచిన తిండిగింజలవి.

నేనూ ఆ మాట నమ్మినవాణ్ణే. 166ను ఒక్క గెంతున 200 చేశాను. కొంచెం వోల్టేజీ కలిపాను. ఫ్యాన్లు తిరిగాయి, తెర నల్లగా ఉండిపోయింది. అది పెద్ద ఆపద కాదు. ప్లగ్గు పీకి, మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీని కాసేపు తీసి పెడితే, లేదా సీమాస్ జంపరును మార్చి మళ్ళీ యథాస్థానంలో ఉంచితే, పాత అమరికలు తిరిగి వస్తాయి. వచ్చాయి.

ఆపద తరువాత వచ్చింది. ఈసారి 190 దగ్గర ఆపాను. తెర వెలిగింది. "వెలిగింది కాబట్టి నిలిచినట్టే" అన్నారు. అయితే బస్సుతో పాటు మెమరీ కూడా తన శక్తికి మించి పరుగెడుతోందని నాకు తట్టలేదు. అవ్వ చెప్పగా మూడు నెలలపాటు టైపు చేసుకున్న కరువుకాలపు కథలన్నీ అందులోనే ఉన్నాయి. జాగ్రత్త కోసం వాటిని సీడీకి ఎక్కించినదీ ఆ రోజుల్లోనే. తప్పులు చేస్తున్న మెమరీ గుండానే నకలూ వెళ్ళింది. కొన్నాళ్ళకు తెరిచి చూస్తే, ఇక్కడా అక్కడా సగం పుటలు అర్థం లేని గుర్తులు. మళ్ళీ చెప్పించుకుందామంటే అవ్వ అప్పటికే కాలం చేసింది. తప్పు యంత్రానిది కాదు, నాది. కానీ ఆ తప్పును "ఉచితం" అని నా చేతికిచ్చినవారికి అందులో వాటా లేదా?

మా మెట్టసీమకు ఈ కథ కొత్తది కాదు. ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే నేలలో, బోరు లోతూ మోటారు హార్స్‌పవరూ పెంచుకుంటూ పోయినవారిని చూశాం. మొదటి ఏడు నీళ్ళు ఎగజిమ్మాయి. అవి ఎవరి నీళ్ళో ప్రక్క చేలోని బావి చెప్పింది. తోడకానికి హద్దు పెట్టడానికి 2002లో వాల్టా చట్టమే చేయవలసి వచ్చింది.

"ఇవన్నీ పాత యంత్రాల ముచ్చట్లు" అంటారేమో. 2024లో ఇంటెల్ తన 13, 14వ తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని మితిమీరిన వోల్టేజి వల్ల అస్థిరమవుతున్నాయని ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణలిచ్చి, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే చెడిన చిప్పులను ఆ సవరణ బాగుచేయలేదు. నేడు తయారీదారులే టర్బో పేరిట వెసులుబాటును చాలావరకు పిండేస్తున్నారు. మనకు మిగిలినది బహు స్వల్పం.

చేయవద్దని అనను. ముందు వ్రాతలను మరో యంత్రంలో భద్రపరచండి. పెంచేది ఒక్కొక్క మెట్టే పెంచండి. మెట్టుమెట్టుకూ ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ నడపండి. ఒక్క తప్పు కనిపించినా వెనక్కి దిగండి. మార్చిన ప్రతి అంకెనూ కాగితం మీద వ్రాసుకోండి. పరీక్ష ఏదైనా మే నెలలో చేయండి, డిసెంబరులో కాదు.

పెద్దలకు నా విన్నపం ఒక్కటే. వేగాన్ని పంచండి, కాదనను. వెల చెప్పి పంచండి.