గృహ పరికరములు: పాత కెమేరా సంచి

చేతిఫోను వచ్చిన పిదప పెక్కిండ్లలో కెమేరాలు అటకలెక్కినవి. ఇటీవల కొందరు పిల్లలు వానిని మరల దింపించి, తాతగారి కెమేరాతో ఫిలిముమీద ఫోటోలు తీయవలెనని ముచ్చటపడుచున్నారు. సంతోషమే. కాని కెమేరాను తుడుచునంత శ్రద్ధతో దాని సంచిని చూచువారు తక్కువ. లోపలి వస్తువును చెఱచునది తఱచుగా ఆ సంచియే.

తోలును, లోని మఖమలు అస్తరును తేమను పీల్చుకొని త్వరగా విడువవు. గాలిలో తేమ నూటికి 65 పాళ్లు మించి పలుదినములు నిలిచినచో బూజు మొలచును. మన కోస్తా జిల్లాలలో వానకాలమున నిది సామాన్యము. తోలుమీది బూజును తుడిచివేయవచ్చును. కెమేరా కటకమునకు పట్టినది మాత్రము ముదిరినకొలది పైపూతను, తుదకు గాజును గూడ తినివేయును. ఆ మచ్చ మరి పోదు.

సంచిని శుభ్రముచేయుటకు ముందు అరలన్నియు వెదకుడు. ఇది ముఖ్యము. కడిగింపని ఫిలిము చుట్ట యొకటి మూల నుండవచ్చును. అందు నేడు మనతో లేనివారి ముఖము లుండవచ్చును. రంగుల నెగటివు ఫిలిమును కడుగు సి-41 పద్ధతి 1972 నుండి నేటికిని వాడుకలో నున్నది గనుక, పాతదని పాఱవేయకుడు. కోడాక్రోము చుట్టయైనచో రంగుల నాశింపరాదు. వానిని కడుగుటకై తీసికొనుట 2010 డిసెంబరుతో నిలిచిపోయినది. సంచి తెఱవగానే వెనిగరువంటి పుల్లని వాసన వచ్చెనా, అది సంచిది కాకపోవచ్చును. ఎసిటేటు నెగటివులు చెడునపు డట్టి వాసన పుట్టును. వానిని వేఱుచేసి, ఆలసింపక ప్రతులు తీయింపవలెను. కెమేరా వెనుక తలుపును పిల్లలచే తెఱపింపకుడు. లోపల ఫిలిమున్నచో వెలుతురు సోకి పాడగును.

ఇక శుభ్రత. ఎండకాయు పొడిదినమున, ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఇంటి వెలుపల మెత్తని బ్రష్షుతో దులుపవలెను. గదిలో దులిపినచో బూజు ఇల్లంతయు వ్యాపించును. గుడ్డసంచికి ఎండ మేలు. తోలుసంచిని నీడను గాలి కాఱబెట్టవలెను, ఎండలో బిగిసి పగులును. తడిపి పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో నద్దవలెను. తోలుకు కొబ్బరినూనె పూయు నలవాటు కొన్ని యిండ్ల గలదు. మెఱుపు నాలుగునాళ్లే, తరువాత జిడ్డై, దుమ్మునంటించుకొని, కంపు పట్టును. రంగులేని మైనపు పాలిష్ కొంచెము రుద్దిన చాలును. ఇత్తడి కొక్కెములకు చిలుము పట్టినదని చింతపండు పెట్టకుడు. ఆ పులుసు తోలులోని కిగిరి మచ్చచేయును. పొడిగుడ్డతో ఓపికగా రుద్దుటయే మేలు.

లోపలి అస్తరుమీద వంటసోడా చల్లి ఒక రాత్రి యుంచి దులిపినచో ముక్కవాసన తగ్గును. ఇది గుడ్డకే గాని తోలుకు గాదు. లోని ఫోము నల్లగా జిగురై చేతికంటుచున్నచో దానికి వైద్యము లేదు. పాలియురితేను ఫోము ఏండ్లు గడచిన కొలది గాలిలోని తేమచేతనే పొడియగును. దానిని పూర్తిగా గీకివేసి, కొత్తముక్క కుట్టింపవలెను. ఆ పొడి కెమేరా మరలలో దూఱినచో సంచి వెలకంటె మరమ్మతు వెల యెక్కువగును.

ఇంత శుభ్రపఱచిన పిదపను కెమేరాను అందు దాచకుడు. సంచి ప్రయాణమునకే. కెమేరాను మూత బిగువైన డబ్బాలో సిలికా జెల్ పొట్లములతో నుంచి, నెలకొకసారి తీసి గాలి తగులనిచ్చి, కటకమును వెలుతురున కెదురుగా పట్టి చూడుడు. సాలెగూటివంటి పోగులు కానవచ్చినచో స్వయముగా విప్పక, తెలిసిన పనివానికి చూపుడు. చీరెల పెట్టెలో వేసినట్లు కలరా ఉండలు మాత్రము వేయరాదు. వాని యావిరి గాజుమీద పొరగా పేరుకొనును. సంచిని పాతపత్రికల ముక్కలతో గాక తెల్లని నూలుగుడ్డతో నింపి, మూత కొంచెము తెఱచి, గోడకు తగులకుండ వ్రేలాడదీయుడు.