పికప్ ఒక్కటే అడిగాం

కారు కొనేటప్పుడైనా, షెడ్డులో పెట్టేటప్పుడైనా తిరువూరులో మనం అడిగే మొదటి మాట ‘పికప్ ఎలా ఉంది?’ అనే. అది తప్పని అనను. ఆ పికప్ మన రోడ్డుకు సరిపోతుందా అన్న రెండో మాట అడగలేదు, అదీ మన తప్పు. పికప్ కోసం ఆటోమేటిక్ కార్ల టార్క్ కన్వర్టర్లు మారుస్తుంటే కుర్రాళ్ల దూకుడని చెప్పుకుంటూ వచ్చాం. వాళ్లకు పికప్ రుచి చూపించింది మాత్రం మనమే.

సంప్రదాయ ఆటోమేటిక్ కారులో క్లచ్ బదులు టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఇంజను బలాన్ని ఆయిలు ద్వారా గేరుబాక్సుకు అందిస్తుంది. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో ఓడల కోసం దీనికి పేటెంటు తీసుకున్నాడు. బండిని కదలనివ్వకుండా యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే ఇంజను ఎంతవరకు తిరగగలదో అదే స్టాల్ స్పీడు. మామూలు కార్లలో అది సుమారు 2,000 ఆర్‌పీఎం. హై-స్టాల్ కన్వర్టర్లలో 3,000 కూడా దాటుతుంది. రేసులో అది లాభమే, ఇంజను బలం పుట్టే చోటి నుంచే బండి దూకుతుంది.

మన ఊరి మీదుగా పోయే 30వ నంబరు జాతీయ రహదారి రేసు ట్రాక్ కాదు. ట్రాక్టర్లు, ఆటోలు, మామిడికాయల లోడ్ల వెనక నెమ్మదిగా పోవాల్సిందే. ఇంజనునూ గేరుబాక్సునూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ పట్టుకోనంతసేపూ ఎక్కువ స్టాల్ ఉన్న కన్వర్టర్ జారుతూనే ఉంటుంది. జారిన బలమంతా వేడవుతుంది. ఆయిలు మాడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, చివరికి గేరుబాక్సే పోతుంది.

ఈ సంగతి తెలిసిన మెకానిక్‌లు లేకపోలేదు. చెప్పారు కూడా. క్యామ్‌షాఫ్టు, బండి బరువు, యాక్సిల్ రేషియో చూశాకే స్టాల్ ఎంచుకోవాలని, ఆయిలు కూలర్ తప్పదని అన్నారు. మనకు విసుగొచ్చింది. ‘సరే’ అన్నవాడి షెడ్డుకు పోయాం. నిజమే, డబ్బు మనది, బండి మనది. కానీ ‘వద్దు’ అన్నవాడికి పని తగ్గించిందీ మనమే. అలా నిజం చెప్పే నోళ్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. పక్కింటి కుర్రాడు బండికి ఏదో బిగిస్తుంటే చూసి కూడా, మనకెందుకులే అనుకున్నాం. ఆ మౌనంలో అందరికీ వాటా ఉంది.

ఇకనైనా కన్వర్టర్ మార్చే ముందు ఇంజను బలం ఏ ఆర్‌పీఎంలో పుడుతుందో, బండి బరువెంతో, రోజూ నడిచే రోడ్డేదో చూసుకుందాం. కారణం చెప్పి ‘వద్దు’ అన్న మెకానిక్ దగ్గరికే మళ్లీ వెళ్దాం. ఆయన సలహాకూ కూలి ఇద్దాం.