ముందు చచ్చేది ఎవరు?

దయ్యాల సినిమాలు, కత్తి సినిమాలు మన పత్రికలో ఎందుకని కొందరు మిత్రులు అడగొచ్చు. భూమి సమస్య ఉంది, శ్మశానానికి దారి సమస్య ఉంది, కూలి రేట్లు ఉన్నాయి, ఇవన్నీ వదిలేసి అమెరికా వాడి సినిమా గొడవ మనకెందుకు అనొచ్చు. మా జవాబు ఒకటే. మన వాడల్లో పిల్లలు రాత్రిళ్ళు సెల్‌ఫోన్లలో చూస్తా ఉండేవి ఇవే. పెద్దోళ్ళు కేకలేస్తే ఆగేది కాదు. చూడొద్దని తిట్టేకంటే ఎట్లా చూడాలో చెప్పడం మేలు. చంపుతున్నది ఎవడు అనే ప్రశ్న సినిమా తీసినవాడే వేస్తాడు. ముందు చచ్చేది ఎవరు, ఆ చావును చూస్తా కూర్చున్నది ఎవరు? ఈ రెండు ప్రశ్నలూ మనం వెయ్యాలి.

ముసుగేసుకున్నోడు కత్తి పట్టుకుని ఒక్కొక్కరినే వెంటాడి పొడిచే సినిమాలకు అమెరికాలో పెద్ద మార్కెట్టు. ఒకటి ఆడితే రెండోది, రెండోది ఆడితే మూడోది. 1996లో వచ్చిన 'స్క్రీమ్' అట్లాంటిదే. స్క్రీమ్ అంటే కేక. 2023 నాటికి ఆరు భాగాలు తీశారు. అందులో 1997 డిసెంబరులో వచ్చిన రెండో భాగం గురించి మా మాట. తీసినవాడు వెస్ క్రేవన్, రాసినవాడు కెవిన్ విలియమ్సన్. ఇద్దరూ తెల్లవాళ్ళే.

సినిమా మొదలయ్యేదే ఒక సినిమాహాలులో. మొదటి భాగంలో జరిగిన హత్యల మీద తీసిన సినిమా ఆ హాలులో ఆడతా ఉంటుంది. ప్రచారం కోసం కంపెనీవాళ్ళు ప్రేక్షకులకి హంతకుడి ముసుగులు, ఉత్తుత్తి కత్తులు పంచుతారు. మోరీన్, ఫిల్ అనే నల్లజాతి జంట ఆ హాలుకొస్తుంది. భయం సినిమాల్లో నల్లవాళ్ళకి చోటే లేదని, ఇది తెల్లవాళ్ళ తెలివితక్కువ సినిమా అని మోరీన్ ముఖానే అనేస్తుంది. కాసేపటికి ఫిల్‌ని మరుగుదొడ్డిలో పొడుస్తారు. మోరీన్‌ని సీట్లోనే పొడుస్తారు. నెత్తురోడుతూ తెర ముందుకు ఎక్కి ఆమె అరుస్తుంది. హాలు నిండా ముసుగులే. ఇదీ ప్రచారంలో భాగమే అనుకుని జనం కేరింతలు కొడతారు. నిజమని తెలిసి నోళ్ళు మూతపడేసరికి ఆమె ప్రాణం పోతా ఉంటుంది.

ఇక్కడ గమనించండి. నల్లవాళ్ళని ఈ సినిమాలు ఎట్లా చూస్తున్నాయో తీసినవాళ్ళకి తెలుసు. తెలుసు కాబట్టే ఆ మాట నల్లజాతి స్త్రీ చేత చెప్పించారు. చెప్పించి, ఆమెనే ముందు చంపారు. తప్పు ఒప్పుకున్నట్టూ ఉండాలి, పాత పద్ధతి నడవనూ నడవాలి. ఈ తెలివి మనకు కొత్తదా? వేదికెక్కి అంటరానితనం ఘోరమని ఉపన్యాసం దంచి, దిగినాక వేరే గ్లాసులో టీ ఇచ్చే పెద్దమనుషులు మనూళ్ళలో లేరా?

ఆ సినిమాలోనే ఇంకో ఇద్దరు నల్లవాళ్ళు ఉన్నారు. హీరోయిన్ స్నేహితురాలు హాలీ చస్తుంది, హీరోయిన్ బతుకుతుంది. టీవీ కెమెరామన్ జోయెల్ మాత్రం, ఇట్లాంటి చోట మనవాళ్ళు బతికి బట్టకట్టరని ముందే పసిగట్టి తప్పుకుంటాడు, బతుకుతాడు. అంటే చావు, లేదంటే పారిపోవడం. నిలబడి గెలిచే పాత్ర ఆ కథలో నల్లవాళ్ళకి రాయలేదు. 1968లో జార్జ్ రొమేరో తీసిన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'లో నల్లజాతి నటుడు డువేన్ జోన్స్ హీరో. రాత్రంతా పీనుగులతో పోరాడి గెలుస్తాడు. తెల్లారి తుపాకులతో వచ్చిన తెల్లవాళ్ళు అతనినీ పీనుగు అనుకుని కాల్చేస్తారు.

మోరీన్ చావు చూసి కేరింతలు కొట్టిన హాలు మనకు అమెరికాలోనే ఉందా? 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో 8 మంది దళితులను పొలాల్లో వెంటాడి నరికారు. శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పారేశారు. పట్టపగలే. ఊరంతా చూసింది. ఆ ఊళ్ళోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కత్తి సినిమాల్లో రెండో భాగం ఎట్లా మొదలవుతుంది? చచ్చాడనుకున్న హంతకుడు లేచొస్తాడు. ప్రేక్షకుడికి అది మూడు గంటల భయం. చచ్చినవాళ్ళ భార్యాబిడ్డలకు అది 23 ఏళ్ళు నడిచిన కథ.

మరి ఈ కథ మారదా? మారుతుంది, చెప్పేవాళ్ళు మారితే. దానికీ ఒక కొనసాగింపు సినిమానే సాక్ష్యం. 1992లో 'క్యాండీమ్యాన్' అనే సినిమా వచ్చింది. బానిస కొడుకు ఒక చిత్రకారుడు. తెల్ల ఆసామి కూతుర్ని ప్రేమించాడని చెయ్యి నరికి, ఒంటికి తేనె పూసి, తేనెటీగలతో కుట్టించి చంపుతారు. అతను కొక్కెం చేత్తో దయ్యమై తిరుగుతాడు. కులం తప్పి ప్రేమిస్తే ఏం చేస్తారో మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. అయితే ఆ సినిమా ఈ కథనంతా ఒక తెల్ల పరిశోధకురాలి కళ్ళతో చూపించింది. హతుడే అందులో భూతం. 2021లో దానికి కొనసాగింపు వచ్చింది. ఈసారి తీసింది నియా డకోస్టా అనే నల్లజాతి యువతి. రాసినవాళ్ళలో జోర్డాన్ పీల్ ఉన్నాడు. మన తోలుబొమ్మలాట మాదిరి నీడబొమ్మలతో పాత హత్యల కథ చెప్పారు. క్యాండీమ్యాన్ ఒక్కడు కాదు, అన్యాయంగా చంపబడ్డ ఎందరో నల్లవాళ్ళ పేరు అది అన్నారు. అద్దం ముందు అయిదుసార్లు పిలిస్తే వచ్చే ఆ పేరు మొదటి సినిమాలో భయం. 2021 సినిమాలో అది జ్ఞాపకం, సాక్ష్యం. కత్తీ అదే, నెత్తురూ అదే, చెప్పే నోరు మారింది. ఆ సినిమా విడుదలైన వారం అమెరికాలో వసూళ్ళలో మొదటి స్థానంలో నిలిచింది.

మన తిరుపతి సంగతి చూద్దాం. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర జరుగుతుంది. కథ అందరికీ తెలిసిందే. పెళ్ళయిన ప్రతి ఆడపిల్లా మొదటి రాత్రి తన దగ్గరికే రావాలన్న పాళెగాడు ఒకడు. అవిలాలలో కైకాల వాళ్ళింట పెరిగిన గంగమ్మ మీద చెయ్యేశాడు. ఆమె విశ్వరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. ఆమె బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం కట్టి వీధివీధీ వెదికింది. దొర వేషంలో వస్తే, ఎవరో పెద్ద దొర వచ్చాడనుకుని బయటికొచ్చాడు. తల తెగింది. తర్వాత మాతంగి వేషంలో పోయి వాడి పెండ్లాన్ని ఓదార్చింది. ఇందులోనూ మారువేషం ఉంది, వెంటాడటం ఉంది, నెత్తురు ఉంది. కానీ చచ్చేది పెత్తందారు. వెంటాడేది ఆడది. ఇట్లాంటి కథ మన మట్టిలో ఉండగా, ఎవడో రాసిన చావులు చూసి మన పిల్లలు ఎందుకు జడుసుకోవాలి?

అట్లాగని జాతర కథతో మురిసిపోయి కూర్చుంటే చాలదు. తోటి వేషానికి మొక్కే ఊరు, మర్నాడు కాలవ తీసే నిజం తోటిని ఎక్కడ నిలబెడుతోంది? మాతంగి పేరు మాదిగ ఆడబిడ్డలది. పండగనాడు దండం, మిగతా రోజులు దూరం. 2024 డిసెంబరులో 'పుష్ప 2' వచ్చింది. అదీ రెండో భాగమే. గంగమ్మ జాతరలో హీరో చీర కట్టి ఆడితే దేశమంతా ఈలలేసింది. వేషం హీరోకి దక్కింది. తోటి, మాతంగి ఎవరని అడిగినవాళ్ళు ఎందరు?

కార్యకర్తలకు మా సూచన ఇది. వాడలో పిల్లలు సెల్ చుట్టూ మూగి కత్తి సినిమా చూస్తా ఉంటే పక్కన కూర్చోండి. అయిపోయినాక మూడు ప్రశ్నలు వెయ్యండి. ముందు చచ్చింది ఎవరు? వాళ్ళ అమ్మానాన్నలని ఒక్కసారైనా చూపించారా? ఈ కథ నువ్వు చెప్తే ఎట్లా చెప్తావు? మూడో ప్రశ్నకి పిల్లలు చెప్పింది రాసుకోండి. పాళెగాడి కథ తోటి నోటితో, మాతంగి నోటితో చెప్పించండి. మాకు పంపండి, అచ్చేస్తాం.